పక్క వెచ్చబెట్టిన ఇత్తడి

ఇంగ్లండులో పాత పబ్బుల్లోకీ పాత బంగళాల్లోకీ వెళ్తే నిప్పుగూడు పక్కన గోడకి తగిలించిన ఓ ఇత్తడి సామాను తరచూ కనబడుతుంది. అడుగు వెడల్పున గుండ్రటి గిన్నె, దానికి బందు వేసి బిగించిన మూత, మూత మీద పువ్వో పక్షో నగిషీ, గిన్నెకి మూడడుగుల పొడుగు పిడి. మనవైపు నుంచి వచ్చిన చుట్టాలు దాన్ని చూసి పెళ్ళివంటల గరిటె అనుకుంటారు. అది వంటసామాను కాదు. అందులో నిప్పులు పోసి, మూత వేసి, పరుపు మీద దుప్పట్ల మధ్య అటూ ఇటూ తిప్పి, పడుకోబోయేవాళ్ళకి పక్క వెచ్చబెట్టేవారు. వార్మింగ్ పాన్ అంటారు. పదహారో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా ఇంగ్లండు, హాలెండు లాంటి చలిదేశాల కలిగినవాళ్ళ ఇళ్ళలో, వలస వెళ్ళినవాళ్ళతో పాటు సముద్రం దాటి అమెరికా ఈశాన్యపు ఇళ్ళలో, చలికాలం రాత్రుళ్ళు ఇది లేకుండా గడిచేది కాదు.

ఈ సామాను మీద నాకు మమకారం ఎక్కువ. మా తాతగారు శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచరి పని చేసేవారు. రేకు మీద సుత్తి పడే చప్పుడు వింటూ పెరిగాను. పెళ్ళయి ఇంగ్లండు వచ్చి, ఉద్యోగం విరమించాక, మా ఊరికి దగ్గర్లో మ్యూజియంగా మార్చిన ఓ పాత బంగళాలో రాగి, ఇత్తడి సామాన్లు శుభ్రం చేసే పనికి వాలంటీరుగా చేరాను. అక్కడికొచ్చే జనం వార్మింగ్ పాన్ ముందు ఆగి, మూత మీద చెక్కడం చూసి, బావుందనుకుని వెళ్ళిపోతారు. గోడకెక్కాక దాని పని ఎవరికీ కనబడటం లేదు. ఇది చూసి మురవడానికి చేసింది కాదు, చేత్తో ఆడించడానికి చేసింది. ఆ సంగతి దాని ఒంటి మీదే రాసి ఉంది.

ముందు చలి సంగతి చెప్పాలి. పదిహేడో శతాబ్దంలో ఉత్తర ఐరోపాలో చలి ఇప్పటికంటే మహా కఠినంగా ఉండేది. 1683-84 శీతకాలంలో లండన్‌లో థేమ్స్ నది గడ్డకట్టి, దాని మీద దుకాణాలు వేసి తిరణాల చేసుకున్నారు. ఇంట్లో నిప్పుగూడు ఉన్నా వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టంలోంచి పైకి పోయేది. పడకగదుల్లో చాలావాటికి ఆ నిప్పూ లేదు. అందుకే మంచం చుట్టూ మందపాటి తెరలు కట్టుకునేవారు, తలకి టోపీ పెట్టుకుని పడుకునేవారు. చలి ఒక ఎత్తు, చెమ్మ ఒక ఎత్తు. అక్కడి పక్కదుప్పట్లు అవిసెనార బట్టవి. ఆ బట్ట గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఎండపొడ లేని ఇంట్లో రోజంతా పరిచి ఉంచిన దుప్పటి రాత్రికి చల్లగా, తడిసినట్టే ఉంటుంది. చెమ్మపక్క మీద పడుకుంటే జబ్బు చేస్తుందని జనానికి గట్టి నమ్మకం. సత్రాల్లో దిగే ప్రయాణికులు పక్క ఆరిందా లేదా అన్నదే మొదట చూసుకునేవారు. వార్మింగ్ పాన్ వేడి ఇవ్వడంతో పాటు ఈ చెమ్మని కూడా ఆరబెట్టేది. నా దృష్టిలో ఈ రెండో పనే పెద్దది.

మా మ్యూజియం పెరట్లో ఓసారి కొత్తగా చేయించిన పాన్‌తో ఈ పని జనానికి చేసి చూపించారు. పిడి నా చేతికిచ్చారు. మంటలేని, పొగలేని, ఎర్రగా కణకణలాడే కట్టెనిప్పులు పోసి మూత వేశారు. పొగ ఉంటే దుప్పట్లు కంపు కొడతాయి, మంట ఉంటే అంటుకుంటాయి కాబట్టి నిప్పుల ఎంపికలోనే సగం నేర్పు. పైదుప్పటి ఒక కొస ఎత్తి పాన్ లోపలికి తోశాను. ముందు కాళ్ళవైపు, తర్వాత నడుము దగ్గర, ఆఖర్న తలగడ దిగువన. ఎక్కడా నిలపకూడదు. నిలిపితే నిలిపినచోట బట్ట కమిలిపోతుంది. తిప్పడం మొదలుపెట్టగానే దుప్పటి సందుల్లోంచి సన్నగా ఆవిరి లేచింది. బట్టలోని చెమ్మ అలా పోతుందన్నమాట. ఈ పద్ధతిని మనవాళ్ళకి ఒక్కమాటలో చెప్పాలంటే బొగ్గుల ఇస్త్రీపెట్టె. కాకపోతే ఇక్కడ ఇస్త్రీ చేసే మనిషి మంచానికి మూడడుగుల దూరాన నిలబడి చేయాలి. అందుకే అంత పొడుగు పిడి. నిప్పులున్న గిన్నె ఆ కొసనుంటే ఈ కొసన మణికట్టు ఎంత లాగేస్తుందో పట్టుకున్న చేతికే తెలుస్తుంది. పెద్ద ఇళ్ళలో ఒకే రాత్రి ఇంటిల్లిపాది పక్కలూ వెచ్చబెట్టింది పనిపిల్లలు. తమ పక్కల దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకి నిప్పులు మిగిలేవో లేదో ఏ పద్దులోనూ రాయలేదు.

పక్క వెచ్చబడగానే పాన్ బయటికి లాగి, ఆలస్యం చేయకుండా దూరిపోవాలి. దుప్పటి కింద వేడి ఎంతోసేపు నిలవదు. అయినా నిద్రపట్టేదాకా చాలు, తర్వాత ఒంటివేడే పక్కని కాస్తుంది.

కంచరి ఇంటి పిల్లగా నాకు నచ్చేది దీని తయారీ. రాగి వేడిని ఇనుముకంటే దాదాపు అయిదు రెట్లు బాగా నడిపిస్తుంది. ఇత్తడి రాగికి చాలా దిగువే అయినా ఇనుముకంటే మెరుగు. పైగా ఇనుములా తుప్పు పట్టి దుప్పటికి మరకలు చేయదు. అందుకని గిన్నె రాగితోనో ఇత్తడితోనో చేసేవారు. రేకుని కాచి మెత్తబరిచి, సుత్తితో కొట్టి లోతు తీసేవారు. కొడుతున్నకొద్దీ లోహం బిరుసెక్కుతుంది, మళ్ళీ కాచాలి, మళ్ళీ కొట్టాలి. బుడితిలో మా తాతగారు చేసిందీ ఇదే వరస. గిన్నె అంచుని ఇనుపతీగ చుట్టూ మడిచి బలం ఇచ్చేవారు. మూతకి ఒకవైపు బందు, దానికి రివెట్లు. పదిహేడో శతాబ్దపు పాన్‌లకి పిడి తరచు ఇనుముతో ఉండేది. తర్వాత్తర్వాత కొయ్యపిడి వచ్చింది, గిన్నెకి అతికించిన లోహపు గొట్టంలో దాన్ని దూర్చి బిగించేవారు. చేతికి వేడి తగలదు, బరువూ తగ్గుతుంది. మూతల మీద రాజముద్రలు, తేదీలు, సూక్తులు చెక్కించుకునేవారు. పాతవాటి మూతలకి చిల్లులు ఎక్కువ. నిప్పు ఆరకుండా ఉండటానికి గాలి కావాలి. చిల్లు పెద్దదైతే బూడిద దుప్పటి మీద రాలుతుంది, లేకపోతే నిప్పు చచ్చిపోతుంది. ఆ చిల్లులే పువ్వురేకులుగా, నెమలికన్నులుగా నగిషీలో కలిసిపోయేలా పెట్టిన పనివాడికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ రోజుల్లో ఇత్తడి చేయడమే పెద్ద విద్య. ఇత్తడి కోసం రాగిలో కలపాల్సిన తుత్తునాగాన్ని (జింక్) విడిగా తీయడం ఐరోపావాళ్ళకి చాలాకాలం చేతకాలేదు. రాగిముక్కల్నీ తుత్తునాగపు ఖనిజాన్నీ బొగ్గుపొడితో కలిపి మూసలో పెట్టి కాస్తే, ఆవిరైన తుత్తునాగం రాగిలోకి ఎక్కి ఇత్తడయ్యేది. విలియం ఛాంపియన్ అనే ఆయన బ్రిస్టల్‌లో తుత్తునాగం తీసే పద్ధతికి 1738లో పేటెంటు పుచ్చుకున్నాడు. అప్పటికే కొన్ని శతాబ్దాలుగా మన రాజస్థాన్‌లోని జావర్‌లో మట్టిమూసలు తలకిందులుగా పెట్టి తుత్తునాగం ఆవిరిని కిందికి దించి పట్టేవారు. ఆ కొలుములు తవ్వకాల్లో బయటపడ్డాయి. మన పనివాళ్ళ ఈ ఘనత మన పిల్లల పాఠాల్లో ఇంకా పెద్ద అక్షరాలతో ఉండాలి.

బ్రిస్టల్ చుట్టుపక్కల ఏవన్ నది మీద నీటిచక్రాలతో నడిచే సుత్తుల మిల్లులు వెలిశాయి. అక్కడ ఇత్తడిరేకుల్ని గిన్నెలుగా, పళ్ళాలుగా సాగగొట్టేవారు. సాల్ట్‌ఫర్డ్‌లోని మిల్లు 1925 దాకా నడిచింది, కట్టడం ఇప్పటికీ నిలిచి ఉంది. బ్రిస్టల్ ఇత్తడి గురించి ఒకటి చెప్పకుండా దాటలేను. ఆ ఇత్తడి గిన్నెలు, కడియాలు ఓడలకెక్కి పశ్చిమ ఆఫ్రికా వెళ్ళాయి, వాటికి బదులు మనుషుల్ని కొని బానిసలుగా అట్లాంటిక్ దాటించారు. గోడ మీది మెరుపు చూసేటప్పుడు ఇదీ గుర్తుండాలి.

వార్మింగ్ పాన్ అందరింటా ఉండేది కాదు, ఉన్న ఇంట్లో మాత్రం ఆస్తి కింద లెక్క. అమెరికాలో న్యూ ఇంగ్లండు వలసల్లో మనిషి పోతే రాసే ఆస్తుల జాబితాల్లో ఆవులు, మంచాలతో పాటు వార్మింగ్ పాన్ కూడా కనబడుతుంది. బాగా కలిగినవాళ్ళు వెండితో చేయించుకునేవారు. లండన్‌లో నౌకాదళ కార్యాలయంలో పెద్ద ఉద్యోగి, డైరీతో ప్రసిద్ధుడైన శామ్యూల్ పీప్స్‌కి 1669 జనవరి 1న కెప్టెన్ బెక్‌ఫర్డ్ కొత్త సంవత్సరం కానుకగా వెండి వార్మింగ్ పాన్ పంపాడు. పుచ్చుకోవాలా వద్దా అని సందేహంగా ఉందని పీప్స్ ఆ రోజే రాసుకున్నాడు. నౌకాదళంతో వ్యాపారం చేసే మనిషి నుంచి అంత ఖరీదైన వస్తువు వస్తే ఆ సందేహం రావలసిందే.

ఇంగ్లండు చరిత్రలో ఈ సామాను ఓ రాజు సింహాసనం పోవడానికి కూడా సాయపడింది. రెండో జేమ్స్ కాథలిక్కు. ప్రజల్లో ఎక్కువమంది ప్రొటెస్టంట్లు. ఆయన తర్వాత మొదటి భార్య కూతురు, ప్రొటెస్టంటు అయిన మేరీ రాజ్యానికొస్తుందని జనం ఓపిక పట్టారు. రెండో భార్య, మొడెనా రాకుమారి మేరీకి పుట్టిన బిడ్డలు వరసగా పోయారు. ఇక వారసుడు రాడనుకున్న సమయంలో, 1688 జూన్ 10న లండన్ సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో ఆమెకి కొడుకు పుట్టాడు. ఊరంతా గుప్పుమంది. రాణి కనలేదట, ఎవరి బిడ్డనో వార్మింగ్ పాన్‌లో పెట్టి పురిటిగదిలోకి తెచ్చారట! పుకారు ఎంత ముదిరిందంటే, పాన్ ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్ళిందో చూపిస్తూ ప్యాలెస్ నక్షా కూడా అచ్చేశారు. అక్టోబరు 22న రాజు తన సలహామండలి ప్రీవీ కౌన్సిల్‌ని సమావేశపరిచి నలభైమందికి పైగా సాక్షులతో వాంగ్మూలాలు చెప్పించాడు. రాణి పరిచారికల్లో ఒకామె, ఆ పాన్‌లో నిప్పులుండటం తన కళ్ళతో చూశానని చెప్పింది. పురిటిపక్క వెచ్చబెట్టడానికే దాన్ని తెచ్చారు. ఎవరూ వినిపించుకోలేదు. నవంబరు 5న రాజు కూతురు మేరీ భర్త, డచ్చి రాకుమారుడు విలియం సైన్యంతో ఇంగ్లండులో దిగాడు. డిసెంబరుకల్లా జేమ్స్ ఫ్రాన్సుకి పారిపోయాడు. ఆ బిడ్డ జేమ్స్ ఫ్రాన్సిస్ ఎడ్వర్డ్ జీవితం దాదాపు అంతా ప్రవాసంలోనే గడిపి 1766లో రోమ్‌లో కన్నుమూశాడు.

నేను తోమే పాన్‌ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ పుకారు ఎంత అన్యాయమో తడుతుంది. గిన్నె అడ్డం అడుగు, లోతు నా బొటనవేలంత కూడా కాదు, మూత వేస్తే మిగిలే చోటు నాలుగు చారెల నిప్పులకి సరిపోతుంది. నెలలు నిండిన బిడ్డ మూరెడు పొడుగుంటాడు. ఈ సామాను వాడిన ఏ పనిపిల్లనడిగినా అది జరిగేపని కాదని చెప్పి ఉండేది. రాజవంశంలో కాన్పుకి మంత్రి ఒకరు హాజరు కావాలనే ఆచారానికి మూలం ఈ పుకారేనని చాలామంది చెబుతారు. ఆ ఆచారాన్ని 1948లో, ఇప్పటి రాజు చార్లెస్ పుట్టుకకి ముందు ఆపేశారు.

పురిటిపక్క మాటొచ్చింది కాబట్టి మనింటి సంగతి. బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం మనకీ ఉంది. మా అమ్మ చలికాలపు కాన్పులకి అదే చేసేది. నిప్పు అదే, పద్ధతి వేరు. వార్మింగ్ పాన్ పక్కలో ఉండేది కాసేపే, మనిషి పడుకునే వేళకి నిప్పులు బయటికి వెళ్ళిపోయేవి. కుంపటి మనిషి నిద్రపోతున్నంతసేపూ గదిలోనే ఉంటుంది. కాలే బొగ్గులోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అరకు, లంబసింగి వైపు చలికి తట్టుకోలేక గదిలో బొగ్గులు పెట్టుకుని పడుకునేవాళ్ళకి ఈ మాట చెప్పాలి. మన ఇళ్ళు ఇప్పుడు పెంకుటిళ్ళు కావు, గాలాడే సందులు లేవు. బాలింతకి వెచ్చదనం కావాలంటే ఇంకేదన్నా చూడండి, నిప్పులు మాత్రం గదిలో వద్దు.

ఇటలీవాళ్ళు పొడుగు పిడి బదులు ఇంకో ఉపాయం పన్నారు. వంచిన కొయ్యబద్దలతో పడవలాంటి చట్రం చేసి దుప్పటి కింద పెట్టేవారు. దుప్పటి గుడారంలా పైకి లేస్తుంది, మధ్యలో నిప్పుల కుండ. మనిషి నిలబడి తిప్పే పని లేదు. ఈ చట్రాన్ని ప్రేతె అంటారు. ఉత్తర ఇటలీ పల్లెల్లో గత శతాబ్దం మధ్య దాకా వాడారు. ఉపాయం మంచిదే, నిప్పు ఒకేచోట నిలిచి ఉంటుంది కాబట్టి కాపలా మాత్రం తప్పదు.

అమెరికాలో మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్ వర్తకుడు తిమోతీ డెక్స్‌టర్ కథ వింతైనది. నలభై రెండువేల వార్మింగ్ పాన్‌లు ఎండలు మండే వెస్టిండీస్ దీవులకి పంపి లాభాలకి అమ్మానని 1802లో అచ్చేసిన తన పుస్తకంలో రాసుకున్నాడు. చెరకుపానకం వండే కొట్టాల్లో మొలాసిస్ తోడే గరిటెలుగా పనికొచ్చాయని కథ. ఆ లెక్కని చరిత్రకారులు నమ్మరు, నేనూ నమ్మను. అన్ని పాన్‌లు కొట్టడానికి ఎన్ని సుత్తులు కావాలో కంచరి ఇంట్లో పెరిగినవాళ్ళకి తెలుసు.

కట్టెలు తగ్గి బొగ్గుగనుల బొగ్గు ఇళ్ళలోకి రావడంతో పాన్‌కి కష్టకాలం మొదలైంది. ఆ బొగ్గులో గంధకం ఉంటుంది. పక్క వెచ్చబడుతుంది గానీ దుప్పటంతా గంధకం కంపు. నిప్పుల మీద గుప్పెడు ఉప్పు జల్లితే వాసన తగ్గుతుందని గృహిణులకి సలహాలు అచ్చేశారు. తర్వాత నిప్పుల బదులు వేణ్ణీళ్ళు పోసే రాగిపాత్రలొచ్చాయి. ఆ వెనక పింగాణీ సీసాలు. 1903లో క్రొయేషియాలో స్లావొల్యుబ్ పెంకాలా రబ్బరు వేణ్ణీళ్ళ సంచికి పేటెంటు తీసుకున్నాడు. ఆ రబ్బరు సంచీ ఇప్పుడు మన మందుల షాపుల్లో కూడా దొరుకుతుంది. నిప్పు లేదు, బూడిద లేదు, తిప్పే మనిషి అక్కర్లేదు. పనిపిల్లల చేతులకి విశ్రాంతి దొరికింది, అది మంచి మార్పు. పాన్ మాత్రం గోడకెక్కింది.

గోడకెక్కించడానికి జనం ఎగబడేసరికి, గోడకోసమే చేసే పాన్‌లు వచ్చిపడ్డాయి. వాటిని పాతవని అమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తేడా పట్టడానికి నేను మూత మీద నగిషీ చూడను. మూత తీసి దాని లోపలివైపు చూస్తాను. నేను తోమే పాన్ మూత లోపల నల్లటి మసి రంగు లోహంలోకి ఇంకి, అంచుల దగ్గర నీలి, ఊదా జీరలుగా మారింది. నిప్పుల వేడి తిన్న ఇత్తడికే ఆ రంగొస్తుంది. బందుకున్న మూడు రివెట్లలో ఒకటి ఇనుముది. ఎప్పుడో ఊడిపోతే ఇంట్లోనే ఎవరో బిగించారు. గొట్టంలోకి దూరిన చోట కొయ్యపిడి మాడి నల్లబడింది. రెండో కొసన, చెయ్యి పట్టేచోట, జానెడు మేర నున్నగా అరిగి ముదురు రంగు తేలింది. పాన్ బోర్లించి చూస్తే అడుగు అద్దంలా ఉంది. పైనున్న సుత్తిదెబ్బల గుర్తులు అక్కడ లేవు. దుప్పట్ల మీద ఏళ్ళ తరబడి రుద్దుకుని రుద్దుకుని చెరిగిపోయాయి. నేను ఈ మసినీ, ఈ అరుగుదలనీ ముట్టుకోను. చింతపండో, పాలిష్ పేస్టో పట్టించి లోపల కూడా తళతళలాడించమని అడిగేవాళ్ళున్నారు. మూత పైవైపు మెత్తటి గుడ్డతో దుమ్ము తుడుస్తాను, అంతే. మసి పోతే ఆ పాన్ పనిచేసిన ఆధారం పోయినట్టే.

మీ పిల్లల దగ్గరికని లండన్‌కో బోస్టన్‌కో వచ్చినప్పుడు పాత సామాన్ల దుకాణంలో వార్మింగ్ పాన్ కనబడితే, కొన్నా కొనకపోయినా, మూత తీసి చూపమని అడగండి. అడుగు తిప్పి చూడండి. లోపల మసి మచ్చ లేకుండా, అడుగున సుత్తిగుర్తులు చెక్కు చెదరకుండా, పిడి నిన్న చిత్రిక పట్టినట్టు ఉంటే అది ఏ పక్కనీ వెచ్చబెట్టలేదు. దానికి పాత సరుకు ధర పెట్టకండి.